పాత రివాల్వర్లు, పిస్తోళ్ల గుర్తింపు, కాలనిర్ణయం: సమస్య - పరిష్కారం

నెల్లూరు, ఒంగోలు వైపు పాత ఇళ్లలో బీరువాలు సర్దేటప్పుడు తాతల నాటి రివాల్వరు బయటపడితే, ఇంటివారు మొదట అడిగేది అది ఏ కంపెనీది, ఎన్నేళ్ల నాటిది అని. జవాబు చాలావరకు ఆ తుపాకీ మీదే ఉంటుంది. అయితే అందరి కళ్లూ పెద్ద అక్షరాల మీద పడతాయి, అసలు సంగతి చెప్పేవి చిన్న ముద్రలు. పరిశీలనకు ముందు గొట్టం మనుషులు లేని వైపు తిప్పి ఉంచాలి. ట్రిగ్గరు మీద వేలు పెట్టకుండా, సిలిండరు (తూటాలు పెట్టే గుండ్రటి తిరిగే భాగం) ఖాళీగా ఉందో లేదో తెలిసినవారి చేత చూపించుకోవాలి.

సమస్య: గొట్టం మీద పేరు స్పష్టంగా ఉన్నా, ఆ పేరుతో తయారీదారు ఎవరూ కనిపించరు.

అది అమ్మిన దుకాణం పేరు కావడమే ఇందుకు కారణం. లండన్‌లోని ఆర్మీ అండ్ నేవీ సొసైటీ, కలకత్తాలోని రోడ్డా కంపెనీ, మద్రాసులోని పి. ఓర్ అండ్ సన్స్ వంటి వ్యాపారులు ఇతరులు చేసిన ఆయుధాల మీద తమ పేరు చెక్కించి అమ్మేవారు. (1914 ఆగస్టు 26న బెంగాల్ విప్లవకారులు తరలించుకుపోయిన 50 మౌజర్ పిస్తోళ్లు ఈ రోడ్డా కంపెనీకి వచ్చిన సరుకులోవే.) ఇలాంటప్పుడు గొట్టాన్ని వదిలి ఫ్రేము (గొట్టం, సిలిండరు అమర్చి ఉండే తుపాకీ దేహం) పక్కలను చూడాలి. రెక్కలున్న తూటా బొమ్మ కనిపిస్తే అది ఇంగ్లండు తయారీదారులైన వెబ్లీ వారిది. వెబ్లీల విషయంలో కంపెనీ పేరే కాలాన్ని పట్టిస్తుంది. 'పి. వెబ్లీ అండ్ సన్' అని ఉంటే 1897కు ముందుది, 'వెబ్లీ అండ్ స్కాట్' అని ఉంటే ఆ తరువాతిది.

సమస్య: తుపాకీ మీద 1884 అని ఉంది, ఇంట్లోవారు మాత్రం తాతగారు 1920ల్లో కొత్తదే కొన్నారంటారు.

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అమెరికా తుపాకుల గొట్టం మీద కనిపించే తేదీలు పేటెంటు పొందిన తేదీలు, తయారీ తేదీలు కావు. కోల్ట్ వారి పోలీస్ పాజిటివ్ రివాల్వరు మీద 1884, 1900, 1905 సంవత్సరాల తేదీలు మూడూ వరుసగా ఉంటాయి, కాని ఆ నమూనా 1907లో గాని మార్కెట్లోకి రాలేదు. కనుక వాటిలో చివరి తేదీని తీసుకుని, తుపాకీ అంతకంటే పాతది కాజాలదని మాత్రమే నిర్ధారించుకోవాలి. కచ్చితమైన ఏడాది కావాలంటే సీరియల్ నంబరును ఆ కంపెనీ నంబర్ల పట్టికతో పోల్చి చూడాల్సిందే. నేను చూసిన ఒక పాత లైసెన్సులో సీరియల్ నంబరు రాయవలసిన చోట పేటెంటు సంవత్సరం రాసి ఉంది. ఆ కుటుంబం మూడు తరాలుగా అదే నంబరు చెబుతూ వచ్చింది.

సమస్య: చూడటానికి ఇంగ్లీషు రివాల్వరే, కాని తయారీ నాసిగా ఉంది, పేరెక్కడా లేదు.

అది బెల్జియం సరుకు కావచ్చునని మొదట అనుమానించాలి. వెబ్లీ వారు 1872లో తెచ్చిన పొట్టి 'బుల్‌డాగ్' రివాల్వరుకు లీజ్ నగరంలో లెక్కలేనన్ని నకళ్లు తయారయ్యాయి. ఇక్కడ ప్రూఫ్ ముద్రలే సాక్ష్యం. అమ్మకానికి ముందు గొట్టాన్ని, సిలిండరును అధిక పీడనంతో పరీక్షించి వేసే ముద్రలివి. లీజ్ ముద్రలో కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఇ.ఎల్.జి. అనే అక్షరాలు ఉంటాయి. ఆ గీత మీద కిరీటం కూడా ఉంటే ఆయుధం 1893 నాటిది లేదా ఆ తరువాతిది. బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1813లో మొదలైంది. 1904 వరకు అక్కడ కిరీటం కింద అడ్డంగా పెట్టిన రెండు రాజదండాల గుర్తు వేసేవారు. ఆ తరువాత కిరీటం కింద బి.వి., బి.పి., ఎన్.పి. అని వేర్వేరు ముద్రలు వచ్చాయి. 1954 నుంచి వాటి స్థానంలో బి.ఎన్.పి. అనే ఒకే ముద్ర ఉంది. సిలిండరు గదుల మధ్య ఉండే ఈ ముద్రలు ఆవగింజంత ఉంటాయి కాబట్టి భూతద్దం లేకుండా ఈ పనికి కూర్చోకూడదు.

సమస్య: అచ్చం వెబ్లీలా ఉంది, కాని బ్రిటిష్ ముద్రలు ఒక్కటీ లేవు, గొట్టం వ్యాసం .32 అంగుళం.

అది కాన్పూరు ఆయుధ కర్మాగారం తయారీ అయి ఉండవచ్చు. ఆ రివాల్వరును వెబ్లీ మార్క్ 4 నమూనా మీదే రూపొందించారు.

సమస్య: పైభాగమంతా గరుకుగా ఉండి యంత్రపు గీతలు కనిపిస్తున్నాయి కాబట్టి నకిలీ అనిపిస్తోంది.

యుద్ధకాలంలో నునుపు చేసే తీరిక లేక అలా వదిలేసి ఉండవచ్చు. వెబ్లీ వారు అటువంటి వాటి మీద 'వార్ ఫినిష్' అని ముద్ర కూడా వేశారు. దానిని సానపట్టించి మెరిపిస్తే విలువ పోతుంది.

సమస్య: తుప్పు పట్టి ముద్రలు కనిపించడం లేదు.

కావలి, చీరాల వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలే దీనికి ప్రధాన కారణం. దానికి తోడు తోలు ఒరలో పెట్టి ఏళ్ల తరబడి మరిచిపోతారు. తోలు తేమను పట్టి ఉంచి, తగిలిన చోటల్లా లోహాన్ని తింటుంది. మా తాతగారి రివాల్వరును శుభ్రం చేయమని నేను ఒక దుకాణంలో ఇచ్చినప్పుడు, గరుకు కాగితంతో రుద్ది అద్దంలా మెరిపించి ఇచ్చారు. ఫ్రేము మీద ఉన్న నంబరులో చివరి రెండంకెలు అంతటితో పోయాయి. సిలిండరు మీద అదే నంబరు మరోసారి ఉండబట్టి బతికిపోయాను. కాబట్టి చదవడం ముందు, శుభ్రం చేయడం తరువాత. చీకటి గదిలో టార్చిలైటును పక్కనుంచి, దాదాపు లోహానికి ఆనించినట్లు పట్టుకుంటే చెరిగిన గాట్లలో నీడ పడి అక్షరాలు పైకి తేలతాయి. ఆ వెలుతురులోనే ఫోటో తీసుకుని, ఆపైన నూనె అద్దిన మెత్తటి గుడ్డతో తుడవాలి.

సమస్య: ఫ్రేము మీద ఒక నంబరు, సిలిండరు మీద మరొక నంబరు ఉన్నాయి.

ఎప్పుడో మరమ్మతులో భాగం మార్చారన్నమాట. గుర్తింపుకు ఫ్రేము నంబరునే ప్రధానంగా తీసుకోవాలి. సేకరించేవారి దృష్టిలో మాత్రం విలువ తగ్గుతుంది.

సమస్య: వందేళ్ల నాటిదని తేలింది కాబట్టి లైసెన్సు అక్కర్లేదని అందరూ అంటున్నారు.

చట్టాన్ని సగమే చదవడం వల్ల వచ్చే మాట ఇది. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షను మినహాయింపు ఇచ్చేది, పురాతనమైనదైనా పాడైనదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని ఆయుధానికే. వయసు ఒక్కటే చాలదు. మూలన పడి ఉన్న వెబ్లీ కొద్దిపాటి మరమ్మతుతో పేలగలిగితే అది పూర్తిస్థాయి ఆయుధమే. లైసెన్సుదారు మరణించి ఉంటే 21వ సెక్షను ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని దానిని జమచేసి రసీదు తీసుకోవాలి. ఆ తరువాతే వారసత్వ లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. 2019 సవరణ తరువాత వారసత్వంగా వచ్చిన వాటితో కలిపి ఒక్కొక్కరికి 2 తుపాకులే అనుమతి. దరఖాస్తులో తయారీదారు పేరు, గొట్టం వ్యాసం, ఫ్రేము మీది నంబరు రాసి, ముద్రల ఫోటోలు జతచేయాలి. గొట్టం మీద ఉన్న దుకాణం పేరును తయారీదారు గడిలో రాయకూడదు.