మీటప్‌కి వస్తామన్నవాళ్లు ఎందుకు రావడం లేదు?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల పెద్ద సభ పైకాన్ ఇండియా 2018లో ఒకసారి, 2023లో మరోసారి హైదరాబాద్‌లో జరిగింది. అంత పెద్ద సభకు వలంటీర్లు, స్పీకర్లు తయారయ్యేది నెలనెలా ఏదో ఆఫీసు మీటింగ్ రూమ్‌లో పైథాన్ వాడేవాళ్లు కలుసుకునే చిన్న మీటప్‌లలోనే. అందుకే వీటిలో వచ్చే ఇబ్బందులను నేను తేలిగ్గా తీసుకోను. నాకు పదే పదే ఎదురైనవి ఇవి.

సమస్య: వంద మంది పేరిస్తారు, నలభై మంది కనిపిస్తారు

కారణం: ఫ్రీ కాబట్టి పేరివ్వడం సులువు. ఆ రోజు పొద్దున్నే దూరం గుర్తొస్తుంది. ఎల్బీ నగర్ నుంచి రాయదుర్గం రావాలంటే అమీర్‌పేటలో మెట్రో మారాలి, చివరి స్టేషన్‌లో దిగి ఆటో చూసుకోవాలి.

పరిష్కారం: రెండు రోజుల ముందు ఒక మెసేజ్, ముందురోజు సాయంత్రం ఇంకొకటి పంపండి. రాలేనివాళ్లు పేరు తీసేస్తే వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు సీటు దొరుకుతుందని చెప్పండి. సమోసాలు మాత్రం గత మూడు మీటప్‌లకు నిజంగా వచ్చినవాళ్ల లెక్కన తెప్పించండి.

సమస్య: వచ్చినవాళ్లు గేటు దగ్గరే ఆగిపోతారు

ఇది నన్ను చాలా బాధపెట్టిన సంగతి. ఒక బీటెక్ అమ్మాయి వరంగల్ నుంచి తెల్లవారుజామున రైలెక్కి వచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, మేమిచ్చిన లిస్టులో వట్టి పేరే ఉంది. సెక్యూరిటీ అతను రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "మీ పేరు లేదమ్మా" అన్నాడు. నా ఫోన్ హాల్లో సైలెంట్‌లో ఉంది. ముప్పావుగంట ఎండలో నిలబడి వెళ్లిపోయింది. తర్వాత మిస్డ్ కాల్స్ చూసుకుని ఫోన్ చేశాను, క్షమాపణ చెప్పాను. కానీ ఆ అమ్మాయి మళ్లీ రాలేదు.

అప్పట్నుంచి ఫారంలోనే "ఐడీ కార్డులో ఉన్నట్టే పేరు రాయండి" అని పెడుతున్నాం. లిస్టు ముందురోజు మధ్యాహ్నానికే పంపిస్తాం. మొదటి గంటంతా ఒక వలంటీర్ గేటు దగ్గరే ఉంటారు, వాళ్ల నంబరే అందరికీ వెళ్తుంది. హాల్లో ఉండే మనిషి నంబర్ ఇవ్వకండి.

సమస్య: ఎప్పుడూ అదే ముగ్గురు మాట్లాడతారు

కారణం: "స్పీకర్లు కావాలి" అని గ్రూపులో పెడితే ఎవరికి వాళ్లు "నాకంత తెలీదులే" అనుకుంటారు. మనిషిని పట్టుకుని అడగాలి, అదీ ఫలానా విషయం అని చెప్పి అడగాలి. "ఇందాక టీ తాగుతూ చెప్పారు కదండీ, డేటాను కొత్త సిస్టమ్‌కి మార్చడం మధ్యలో ఆగిపోయిందని, అదే ఐదు నిమిషాలు చెప్పండి" అంటే సగం మంది ఒప్పుకుంటారు. వారం ముందు ఒకసారి వీడియో కాల్‌లో విని చూడండి, టెన్షన్ సగం తగ్గుతుంది. విజయవాడ, విశాఖల్లో అయితే తెలుగులోనే చెప్పమనండి. హైదరాబాద్‌లో తెలుగు రానివాళ్లూ ఉంటారు కాబట్టి ఏ భాషలో చెప్పాలో గదిలో ఉన్నవాళ్లను ముందే అడిగి మొదలుపెడితే సరిపోతుంది.

సమస్య: ప్రొజెక్టర్‌కి ల్యాప్‌టాప్ తగలదు

టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్ ఒకటి మీ బ్యాగులో శాశ్వతంగా ఉంచండి. స్లైడ్స్ పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి.

సమస్య: అమ్మాయిలు ఒకసారి వచ్చి ఆగిపోతారు

కారణం: నలభై మందిలో ఒక్కరే అమ్మాయి అయితే ఆ గదిలో కూర్చోవడమే కష్టం. సాయంత్రం పెడితే ఇంటికెళ్లే దారి గురించి ఇంకో దిగులు. శనివారం పొద్దున పెట్టండి. ప్రవర్తనా నియమాలను మొదటి ఐదు నిమిషాల్లో గట్టిగా చదవండి. ఇబ్బంది వస్తే చెప్పుకోవడానికి ఇద్దరి పేర్లు, నంబర్లు ఇవ్వండి, అందులో ఒకరు మహిళ అయ్యుండాలి. పైథాన్ వాడే మహిళల కోసం 2011లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన పైలేడీస్ తరహా బృందం మీ ఊళ్లో ఉంటే, వాళ్లతో కలిసి ఒక మీటప్ పెట్టండి.

సమస్య: నడిపే మనిషి అలిసిపోతే అన్నీ ఆగిపోతాయి

కారణం: హాలు మాట్లాడేదీ, పోస్టర్ చేసేదీ, బిల్లు కట్టేదీ ఒక్కరే. గ్రూపు పాస్‌వర్డ్‌లు కూడా ఆ ఒక్కరి దగ్గరే. ఈ వారమే ఇంకో ఇద్దరికి అవి ఇవ్వండి. హాలు ఇచ్చేవాళ్ల నంబర్లు, ఖర్చుల లెక్క ఒక షీట్‌లో రాసిపెట్టండి. వచ్చే నెల మీటప్ వాళ్లకు అప్పగించి, మీరు కుర్చీలు సర్దే పని తీసుకోండి.