పరాయి దేశంలో సెకండ్ హ్యాండ్ కారు కొని ఇంటికి పంపాలనుకునేవారికి

కొత్త దేశంలో దిగిన రెండు మూడు నెలల్లోనే చాలామంది కారు కొనేస్తారు. బస్సుల కోసం నిలబడి, సామాన్లు మోసి విసుగొస్తుంది. ఇంతలో తెలిసినవాళ్లెవరో తమ పాత కారు ఇస్తామంటారు, బేరం కుదిరిపోతుంది. తిరుగు ప్రయాణం అప్పుడు ఎవరికీ గుర్తు రాదు. మూడు నాలుగేళ్లు వాడి, కారు ఇంట్లో మనిషిలా అయిపోయాక "దీన్ని మనతో తీసుకెళ్తే?" అన్న ఆలోచన వస్తుంది. ఆ ప్రశ్నకు సగం జవాబు కొన్న రోజే తేలిపోయి ఉంటుంది. కారు ఏ సంవత్సరంలో తయారైంది, స్టీరింగ్ ఏ వైపుంది, కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి అన్నవి తర్వాత మార్చుకునే సంగతులు కావు. కాబట్టి తీసుకెళ్లే ఉద్దేశం ఏ కొంచెమున్నా కొనకముందే ఇవి తెలుసుకోండి.

మొట్టమొదట చూడాల్సింది కారును కాదు, మీ సొంత దేశపు దిగుమతి నిబంధనలను. దేశానికొక తీరు. కెన్యాలోకి ఎనిమిదేళ్లు దాటిన కారు వెళ్లదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి. అమెరికా తీరు దీనికి తలకిందులు. అక్కడి భద్రతా ప్రమాణాలకు తయారుకాని కారును మామూలుగా రానివ్వరు, అదే కారుకు 25 ఏళ్లు నిండితే ఆ ప్రమాణాల నుంచి మినహాయింపు దొరుకుతుంది. వయసును ఎలా లెక్కిస్తారో కూడా అడగండి. కొన్ని చోట్ల తయారైన నెల నుంచి లెక్క, కొన్ని చోట్ల మొదటి రిజిస్ట్రేషన్ నుంచి. ఆ లెక్క ఓడ బయల్దేరిన తేదీతో ఆగుతుందా, రేవు చేరిన తేదీతో ఆగుతుందా అన్నది ఇంకో ముఖ్యమైన ప్రశ్న. గడువు అంచులో ఉన్న కారు సముద్రం మీద ఉండగానే వయసు దాటిపోవచ్చు.

చాలా దేశాలు విదేశంలో ఉండి తిరిగొచ్చేవారికి సుంకంలో రాయితీ ఇస్తాయి. దాన్ని నివాస బదిలీ రాయితీ అంటారు. యూరోపియన్ యూనియన్ నిబంధననే చూడండి. కనీసం 12 నెలలు బయట నివసించి ఉండాలి, ఆ వస్తువును అక్కడ కనీసం 6 నెలలు సొంతంగా వాడి ఉండాలి, తెచ్చాక 12 నెలల పాటు అమ్మకూడదు. మిగతా దేశాల్లో గడువులు వేరుగా ఉన్నా పద్ధతి దాదాపు ఇదే. అంటే కారు మొదటి నుంచీ మీ పేరునే ఉండాలి. ఇన్సూరెన్స్ తక్కువ పడుతుందని స్నేహితుడి పేరున రిజిస్టర్ చేయించుకుంటే ఆ రాయితీ మీది కాకుండా పోతుంది. ఇన్సూరెన్స్ పత్రాలు, సర్వీసు బిల్లులు, అద్దె ఒప్పందాలు ఒక ఫైలులో వేసి ఉంచండి. వెళ్లిపోయే నెలలో వెతుక్కుంటే అవి దొరకవు.

ఇక కారు దగ్గరికి వద్దాం. ప్రతి కారుకూ 17 అక్షరాలు, అంకెలతో ఒక ఛాసిస్ నంబరు ఉంటుంది. దాంట్లో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడూ రావు, అంకెలతో పొరబడకుండా వాటిని వదిలేశారు. ముందు అద్దం కింది మూలలో ఒకసారి, డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్తంభం మీద ఒకసారి, రిజిస్ట్రేషన్ పత్రంలో ఒకసారి ఆ నంబరు చదవండి. మూడూ ఒక్కటే కావాలి. జపాన్ లోపలి మార్కెట్ కార్లకు మాత్రం ఇంతకంటే పొట్టి ఫ్రేమ్ నంబరు ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. ఆ నంబరుతో తయారీదారు సైట్లో రీకాల్, అంటే లోపమున్న భాగాన్ని మార్చడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం, ఏదైనా మిగిలి ఉందేమో చూడొచ్చు. టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగుల రీకాల్ కోట్ల కార్లకు పాకింది, మార్చకుండా తిరుగుతున్నవి ఇంకా ఉన్నాయి. ఉన్న దేశంలో ఆ పని ఉచితంగా అయిపోతుంది. ఇంటికి తెచ్చాక ఆ మోడలే అక్కడ అమ్మకపోతే మార్చేవాళ్లు దొరకడం కష్టం.

నీళ్లలో మునిగిన కారును పట్టుకోవడం ఎలాగో ఒకాయన నాకు దగ్గరుండి చూపించారు. మేము చూసిన కారు పైకి అద్దంలా మెరుస్తోంది. ఆయన ముందు బానెట్ కూడా ఎత్తలేదు. సీటు బెల్టును చివరిదాకా, ఇక లాగితే రానంత వరకూ లాగారు. రోజూ బయటికి వచ్చే భాగం శుభ్రంగా ఉంది, ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు ముక్క మీద లేత గోధుమ రంగు మరక అడ్డంగా ఒక గీతలా ఉంది. తర్వాత డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్టెప్నీ బయటికి తీసి, ఆ గుంత అడుగున వేలితో రాసి చూపించారు. వేలికి మెత్తటి ఒండ్రు అంటింది. అమ్మేవాడు కడిగించిన చోట్లన్నీ కళ్లకు కనిపించేవే. ఆ రోజు నుంచి ఏ కారు చూసినా నా చెయ్యి ముందు సీటు బెల్టు మీదికే వెళ్తుంది.

ఇంకొన్ని చిన్న పరీక్షలున్నాయి. టైరు పక్క గోడ మీద డాట్ కోడ్ చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. రెండేళ్ల కారుకు ఆరేళ్ల టైర్లు ఉంటే ఎందుకని అడగండి. ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేస్తానని ముందే చెప్పండి. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. స్కానర్ ఉన్న మెకానిక్‌ను తీసుకెళ్తే లోపాల కోడ్‌లతో పాటు రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పే గుర్తులు, కూడా చూడమనండి. అవి చాలావరకు "పూర్తి కాలేదు" అని చూపిస్తే, ఎవరో ఈమధ్యే కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి ఉండొచ్చు. ఓడోమీటర్ అంకె ఒక్కటే నమ్మకండి. సర్వీసు బిల్లుల్లో తేదీలు, కిలోమీటర్లు వరసగా పెరుగుతూ వచ్చాయా చూడండి.

నాకు దెబ్బ తగిలింది మాత్రం కారులో కాదు, కాగితంలో. నేను కొన్న కారు మీద పాత యజమాని లోన్ తీసుకుని పూర్తిగా కట్టేశాడు. ఆఖరి రసీదు కూడా నా చేతికిచ్చాడు. అది చాలనుకున్నాను. అప్పు తీరినా రిజిస్ట్రేషన్ రికార్డులో ఆ ఫైనాన్స్ కంపెనీ హక్కు అలాగే ఉండిపోయింది. మూడేళ్లు హాయిగా నడిపాను, ఎవరూ అడగలేదు. ఓడ ఎక్కించే ముందు కాగితాలు చూసినవాళ్లు ఆపేశారు. కంపెనీ నుంచి హక్కు వదులుకున్నట్టు లేఖ రావడానికి ఏడు వారాలు పట్టింది. నేనేమో ఇంటికి వచ్చేశాను, కారు అక్కడి యార్డులో రోజుకింత అద్దె తింటూ కూర్చుంది. ఆ ఏడు వారాల టెన్షన్ మీకు రాకూడదు. డబ్బు ఇచ్చే రోజునే, అమ్మేవాడితో కలిసి రిజిస్ట్రేషన్ కార్యాలయం రికార్డులో అప్పు హక్కు లేదని చూసుకోండి. తీర్చేశానన్న మాట, రసీదు రెండూ చాలవు.

ఎగుమతికి ప్రతి దేశంలోనూ ఒక పద్ధతి ఉంటుంది. బ్రిటన్‌లో వీ5సీ అనే రిజిస్ట్రేషన్ పత్రంలో (లాగ్‌బుక్) శాశ్వత ఎగుమతికి ఒక భాగం ఉంది, దాన్ని నింపి పంపాలి. జపాన్‌లో రిజిస్ట్రేషన్ రద్దు చేసి ఎగుమతి సర్టిఫికెట్ ఇస్తారు. జర్మనీలో ఎగుమతి నంబరు ప్లేటు వేరే, దాని పక్కన ఎర్రటి పట్టీలో గడువు తేదీ రాసి ఉంటుంది. అమెరికా నుంచి ఓడలో పంపాలంటే టైటిల్ పత్రాలను, అంటే కారు యాజమాన్య పత్రాలను, బయల్దేరడానికి కనీసం 72 గంటల ముందు అక్కడి కస్టమ్స్‌కు చూపాలి. మీ దేశం ఏదైనా, పాస్‌పోర్టులో ఉన్న పేరు, రిజిస్ట్రేషన్‌లో పేరు, ఓడ కాగితాల్లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఇంకోచోట పొట్టి అక్షరంగా రాసుకునే అలవాటు మనకుంది కాబట్టి ఇది మరీ గట్టిగా చెబుతున్నాను.

పంపడానికి ముఖ్యంగా రెండు దారులు. రోరో ఓడలోకి కారును నడుపుకుంటూ ఎక్కించి, అవతల నడుపుకుంటూ దించుతారు. మామూలుగా ఇదే చవక. కానీ తాళం చేతులు మారుతుంది, కారులో సొంత సామాన్లు సాధారణంగా ఉంచనివ్వరు. కంటైనర్ అయితే మూసి సీలు వేస్తారు. 20 అడుగుల కంటైనర్ లోపలి పొడవు సుమారు 5.9 మీటర్లు, వెడల్పు 2.35 మీటర్లు, కాబట్టి ఒక కారు సరిపోతుంది. ఖరీదైన కారైతే, లేదా ఇంటి సామాను కూడా పంపేదుంటే నేను కంటైనర్‌కే ఓటేస్తాను. ఎలక్ట్రిక్ కారు మాత్రం ప్రమాదకర సరుకుల నిబంధనల కిందికి వస్తుంది, బ్యాటరీలో ఛార్జ్ ఎంత ఉండాలో ఓడ కంపెనీని ముందే అడగండి. ఛార్జింగ్ సాకెట్ కూడా దేశాన్ని బట్టి మారుతుంది. ఇంటి దగ్గర సరిపోయే ప్లగ్గే లేకపోతే ఆ కారు కొనడంలో అర్థం లేదు.

ఇన్సూరెన్స్ విషయంలో పిసినారితనం వద్దు. 2022 ఫిబ్రవరిలో ఫెలిసిటీ ఏస్ అనే ఓడలో మంటలు లేచాయి. సుమారు 4,000 కార్లతో అది మార్చి 1న అజోర్స్ దీవుల దగ్గర మునిగిపోయింది. అలాంటిది అరుదే. తక్కువమందికి తెలిసిన ఇంకో చిక్కు ఉంది, దాని పేరు జనరల్ యావరేజ్. ఓడను కాపాడటానికి అయిన ఖర్చును ఓడ యజమాని, సరుకు యజమానులు అంతా కలిసి పంచుకోవాలన్నది సముద్ర వ్యాపారంలో పాత నియమం. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఆరు రోజులు అడ్డంగా ఇరుక్కుంది కదా, ఆ తర్వాత ఓడ యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించారు. అలా జరిగితే మీ సామానుకు చిన్న గీత పడకపోయినా వాటా కట్టాల్సిందే, హామీ ఇచ్చేదాకా సరుకు వదలరు. బీమా ఉంటే ఆ హామీ బీమా కంపెనీ ఇస్తుంది, లేకపోతే మీరే నగదు కట్టాలి. పాలసీలో ఆ మాట ఉందో లేదో చదవండి. వాడిన కార్లకు చాలా పాలసీలు గీతలను, సొట్టలను లెక్కలోకి తీసుకోవు, అదీ చూడండి.

డబ్బు లెక్కలో ఎక్కువమంది పొరపాటు పడేది పన్నుల దగ్గర. చాలా దేశాల్లో సుంకం కారు ధర మీద కాదు, ధర, ఓడ కిరాయి, బీమా మూడూ కలిపిన మొత్తం మీద. పైగా ఒక పన్ను మీద ఇంకో పన్ను పడుతుంది. ఆ మొత్తం 100 అనుకోండి. 25 శాతం దిగుమతి సుంకంతో 125 అవుతుంది. దాని మీద 20 శాతం ఎక్సైజ్ పడితే 150. ఆ 150 మీద 16 శాతం వ్యాట్ వేస్తే 174. శాతాలు కూడితే 61, కట్టేది 74. మీ దేశపు శాతాలు వేసి ఇదే వరసలో లెక్క కట్టండి. ఇంకొకటి, మీ బిల్లులో ఎంతుందో కస్టమ్స్ అంతే ఒప్పుకుంటుందని అనుకోవద్దు. చాలాచోట్ల వాళ్ల దగ్గర మోడల్ వారీగా ధరల పట్టిక ఉంటుంది. ధర తగ్గించి బిల్లు రాయిస్తామని ఎవరైనా అంటే అక్కడికక్కడే వద్దని చెప్పండి, పట్టుబడితే కారూ పోతుంది, కేసూ మీదే. మొత్తం ఖర్చు ఇంటి దగ్గర అలాంటి కారు ధరను దాటుతుంటే అక్కడే అమ్మేసి రండి. మనసు ఒప్పుకోకపోయినా అదే మంచిది.

ఓడ ఎక్కించే ముందు కారును అడుగుభాగంతో సహా కడిగించండి. విత్తనాలు, మట్టి, పురుగుల విషయంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చాలా గట్టిగా ఉంటాయి, చక్రాల పైభాగంలో మట్టి కనిపించినా మళ్లీ కడిగించి ఆ ఖర్చు మీ మీదే వేస్తారు. పెట్రోలు పావు ట్యాంకు కంటే తక్కువ ఉంచండి. తేదీ కనిపించేలా నాలుగు వైపులా, పైకప్పు, లోపల, డాష్‌బోర్డు అంకె ఫొటోలు తీయండి. రెండో తాళం మీ దగ్గరే ఉంచుకోండి. జపాన్ కారైతే రేడియోలో ఎఫ్‌ఎం 76 నుంచి 95 మెగాహెర్ట్జ్ వరకే అందుతుంది, మీ ఊరి స్టేషన్లు సగం రావు. దానికి కన్వర్టర్ దొరుకుతుంది, అది పెద్ద బెంగ కాదు. హెడ్‌లైట్లు అలా కాదు. ట్రాఫిక్ ఏ వైపు నడుస్తుందో దాన్ని బట్టి వెలుగు వాలు ఉంటుంది. కుడివైపు నడిచే దేశపు లైట్లు ఎడమవైపు నడిచే దేశంలో ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి, మార్చనిదే తనిఖీ దాటదు.

బిల్ ఆఫ్ లేడింగ్ అంటే సరుకు తీసుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం. దాని అసలు ప్రతి లేకుండా, లేదా ఓడ కంపెనీ విడుదల సందేశం లేకుండా రేవులో కారు ఇవ్వరు. ఓడ రాకముందే ఆ కాగితం మీ ఏజెంటు చేతిలో ఉండాలి. ఉచితంగా ఉంచే రోజులు కొద్దే, ఆ తర్వాత రోజువారీ అద్దె మొదలవుతుంది. కారు చేతికిచ్చేటప్పుడు హడావుడి పెడతారు. మీరు మాత్రం వెలుగులో చుట్టూ తిరిగి పాత ఫొటోలతో పోల్చి చూసి, కొత్త దెబ్బ ఏదైనా ఉంటే రసీదు మీదే రాసి అప్పుడు సంతకం పెట్టండి. చాలా ఓడ కంపెనీల షరతులకు మూలమైన హేగ్-విస్బీ నియమాల ప్రకారం, పైకి కనిపించని నష్టాన్ని మూడు రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. ఇంటికి నడుపుకుంటూ వచ్చేటప్పుడు మొదటి కిలోమీటరులో బ్రేకు తొక్కితే గరగరమంటుంది, వారాల తరబడి ఉప్పుగాలికి డిస్కుల మీద పట్టిన తుప్పు అది. నాలుగైదుసార్లు నెమ్మదిగా తొక్కితే పోతుంది. అప్పటికీ పోకపోతే ఇంటికి వెళ్లకుండా నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లండి.