వెన్నుద్రవం ఎక్కడ కారుతోందో స్కాన్‌లలో పట్టుకోవడం ఎలా?

లేచి నిలబడితే తలనొప్పి, పడుకుంటే తగ్గిపోతుంది. వెన్నుకు సూది గానీ ఆపరేషన్ గానీ లేకుండానే ఇలా మొదలైతే, వెన్నుపాము చుట్టూ ఉండే డ్యూరా పొర నుంచి, లోపల మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే వెన్నుద్రవం కారుతోందేమోనని అనుమానించాలి. ఈ స్కాన్‌లు చదవడమే నా పని కాబట్టి, నేను వెతికే వరస చెబుతాను.

మొదట కాంట్రాస్ట్‌తో, అంటే స్కాన్‌లో మెరిసి కనబడే మందు ఎక్కించి, మెదడు ఎంఆర్‌ఐ. మెదడు పైపొర అంతటా ఒకే తీరుగా మెరుస్తోందా, సిరలు ఉబ్బాయా, మెదడు కిందికి జారిందా అని చూస్తాను. వీటికి మార్కులు వేసే బెర్న్ స్కోరు 5 దాటినా, 5 ఉన్నా లీక్ దొరికే అవకాశం ఎక్కువ. అయితే ఈ జబ్బున్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి మెదడు స్కాన్ మామూలుగానే ఉంటుంది. సూదితో కొలిచిన ద్రవం ప్రెషర్ కూడా చాలామందిలో నార్మల్‌గానే వస్తుంది. ఆ ఒక్క కారణంతో 'మీకేం లేదు' అని పేషెంట్‌ను పంపేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

తర్వాత మెడ నుంచి నడుము దాకా మొత్తం వెన్ను ఎంఆర్‌ఐ, కొవ్వు కనబడకుండా చేసి ద్రవాన్ని తెల్లగా చూపించే టీ2 సీక్వెన్స్ అనే పద్ధతితో. ఇక్కడ తేల్చాల్సింది ఒకటే: డ్యూరా బయట ద్రవం ఉందా, లేదా? తర్వాతి పరీక్షలో పేషెంట్‌ను ఎలా పడుకోబెట్టాలో దీన్నిబట్టే తేలుతుంది.

ద్రవం ఉంటే పొర ఎక్కడో చిరిగినట్టే. కానీ ద్రవం మందంగా కనిపించిన చోటే చిరుగు ఉందనుకోకండి. ఇంటి కప్పు కారినప్పుడు నీళ్లు ఒకచోట దిగి ఇంకోచోట మడుగు కట్టినట్టే, వెన్నులోనూ ద్రవం చాలా పూసల పొడవునా పాకుతుంది. మెడ పైభాగంలో, మొదటి రెండు పూసల వెనక కనిపించే ద్రవం మరీ మోసం చేస్తుంది, లీక్ సాధారణంగా అక్కడ ఉండదు.

చాలాసార్లు డిస్క్ దగ్గర పెరిగిన చిన్న ఎముక ముల్లు పొరను ముందువైపు చీలుస్తుంది. అందుకే పేషెంట్‌ను బోర్లా పడుకోబెట్టి, తలవైపు కిందికి వంచి మైలోగ్రామ్, అంటే వెన్నుద్రవంలోకి కాంట్రాస్ట్ ఎక్కించి తీసే స్కాన్, చేస్తాం. నడుము దగ్గర ఎక్కించిన కాంట్రాస్ట్, వెన్నుద్రవం కన్నా బరువైనది, అది పాకుతుండగానే వెంటవెంటనే స్కాన్ తీయాలి. పొర దాటి రెండో గీతగా చీలిన మొదటి చోటే చిరుగు. ఆలస్యం చేస్తే కాంట్రాస్ట్ అంతటా పరుచుకుపోయి ఏమీ తేలదు.

బయట ద్రవం లేకపోతే వెతకడం ఆపకండి. ద్రవం నేరుగా సిరలోకి పోయే ఫిస్టులా అయి ఉండొచ్చు, దీన్ని మొదట 2014లో వర్ణించారు. ఎక్కువగా ఛాతీ భాగంలో ఉంటుంది. దీనికి పక్కకు పడుకోబెట్టాలి, కుడి, ఎడమ రెండు వైపులా. కాంట్రాస్ట్‌కు ఒక పరిమితి ఉంది కాబట్టి చాలాచోట్ల రెండో వైపును ఇంకో రోజు చేస్తారు. పూస పక్కన సన్నని సిర ఒక్కటి తెల్లగా మెరవడమే ఆధారం. నరాల మొదళ్ల దగ్గర తిత్తులు ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి, తిత్తి కనబడగానే అదే కారణమని రాసేయకూడదు.

చోటు తేలకముందే వేసిన బ్లడ్ ప్యాచ్‌తో (పేషెంట్ రక్తాన్నే వెన్నులో డ్యూరా బయట ఎక్కించే చికిత్స) తగ్గేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు మైలోగ్రామ్ అవసరం పడకపోవచ్చు. చేయించుకునేవాళ్లు రక్తం పలచబరిచే మందులు, కాంట్రాస్ట్ అలర్జీ గురించి ముందే చెప్పండి. రిపోర్ట్ కాగితం ఒక్కటే కాకుండా పాత స్కాన్‌ల బొమ్మలున్న సీడీ కూడా తీసుకెళ్లండి. మత్తుగా, అయోమయంగా ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

రిపోర్ట్‌లో ఏ పూస, ఏ వైపు అన్నదాంతో పాటు పూసలను ఎక్కడి నుంచి లెక్కపెట్టారో కూడా ఉండాలి. కొందరికి పక్కటెముకలు ఒక జత ఎక్కువో తక్కువో ఉంటాయి. లెక్క ఒక్క పూస తప్పితే సర్జన్ తెరిచేది వేరే చోటు.