పోపుకి ముందే పిల్లాడి గిన్నె పక్కకు తీయండి

మా వాడికి ఇప్పుడు 20 నెలలు. ఏడాది నిండిన కొత్తలో నేను రోజూ రెండు వంటలు చేసేదాన్ని. మా ఆయన బాక్సుకీ మాకూ ఒకటి, వాడికి ఇంకో బుల్లి కుక్కర్లో బియ్యం, పెసరపప్పు, క్యారెట్ కలిపి కిచిడీ. పొద్దున ఆరింటికి మొదలుపెడితే స్టవ్ దగ్గర్నుంచి కదిలేసరికి పదకొండయ్యేది, సింకు నిండా గిన్నెలు, ఇంతా చేస్తే వాడు ఆ కిచిడీ నాలుగు ముద్దలు తిని నా కంచంలో చెయ్యి పెట్టేవాడు. తెనాలి నుంచి మా అత్తయ్య వచ్చి రెండ్రోజులు ఇదంతా చూసి, "అమ్మాయ్, కారం పడకముందు వాడి గిన్నెలోకి ఓ గరిటెడు తీస్తే పోయేదానికి ఇంత హైరానా ఏంటి నీకు?" అంది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే వంట. వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ, మన వంటల్లో కారం మొదట్లోనే పడిపోతుంది, అసలు కిటుకు దాన్ని చివరికి జరపడమే. ఏ వంటలో ఎలా జరపాలో నాకు అలవాటైన పద్ధతి చెప్తాను.

ముందు పప్పు. మనం టమాటా పప్పో పాలకూర పప్పో చేస్తే పచ్చిమిర్చి కూడా కందిపప్పుతోపాటే కుక్కర్లో పడేస్తాం కదా, అది మానేయండి. పప్పు అరగంట నానబెట్టి, టమాటా లేదా ఆకుకూర, పసుపు, అంతే వేసి ఉడికించండి. ఉప్పు కూడా వద్దు. ఆవిరి పోయాక పప్పుగుత్తితో మెదిపి, వాడి గిన్నెలోకి ఒకటిన్నర గరిటె తీసేయండి. ఇప్పుడు మిగిలింది మనది. బాండీలో నూనె వేసి ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, చీల్చిన పచ్చిమిర్చి బాగా మగ్గనిచ్చి, అందులో పప్పు, ఉప్పు, కారం, చింతపండు రసం పోసి నాలుగైదు నిమిషాలు ఉడకనివ్వండి. రుచిలో తేడా మా ఆయన ఇప్పటికీ కనిపెట్టలేదు. చింతపండు ఎలాగూ చివర్లోనే వెయ్యాలి, ముందే వేస్తే పులుపుకి పప్పు సరిగా ఉడకదు. వాడి గిన్నెకి విడిగా పోపు గరిటెలో చెంచాడు నెయ్యి, జీలకర్ర, చిటికెడు ఇంగువ వేసి వేయించి పోస్తే చాలు. తినేముందు నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, పప్పులో ఆకుకూరలో ఉండే ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపులోని విటమిన్ సి పనికొస్తుంది.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఏడాది లోపు పిల్లలకి విడిగా ఉప్పు అక్కర్లేదు. 1 నుంచి 3 ఏళ్ళ వాళ్ళకి రోజు మొత్తానికి 2 గ్రాములు దాటకూడదంటారు, అంటే టీస్పూనులో అర కూడా కాదు. మన నాలుకతో రుచి చూసి "చప్పగా ఉంది పాపం" అని వెయ్యకండి. ఆ చప్పదనం మనకే, వాడికి ఇంకో రుచి తెలీదు.

అన్నం విడిగా మెత్తగా వండక్కర్లేదు. కుక్కర్ దింపగానే వేడివేడిగా ఉన్నప్పుడు గరిటెడు అన్నం తీసి గిన్నెలో చెంచా వెనకతో మెదిపేయండి. చల్లారాక మెదపబోతే మెతుకులు మెదగవు, జిగురుగా ఉండలు కడతాయి. మెదిపాక నెయ్యి కలిపి మూత పెట్టేస్తే వాడు నిద్రలేచేదాకా మెత్తగానే ఉంటుంది. అన్నం గిన్నె మీద ఇంకో చిన్న స్టీలు గిన్నె పెట్టి బంగాళాదుంప ముక్కో, తీపి గుమ్మడి ముక్కో పడేస్తే అదే ఆవిరికి అదీ ఉడికిపోతుంది.

కూరల్లో కొన్ని మనకి అనుకూలం, కొన్ని కావు. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ చాలా సులువు. ఉల్లిపాయ, పసుపు వేసి మూతపెట్టి మగ్గించి, వాడిది తీశాక ఉప్పు, కారం వేసి ఇంకో ఐదు నిమిషాలు సన్నసెగ మీద ఉంచితే పచ్చి కారం వాసన పోతుంది. సొరకాయ అయితే వాడి వాటాలో రెండు చెంచాల పాలు పోసి దగ్గరికి రానిస్తే బాగా తింటాడు. బెండకాయ, దొండకాయ వేపుళ్ళకి కారం ఎప్పుడూ చివర్లోనే కాబట్టి కొత్తగా చేసేదేం లేదు, కాకపోతే దొండకాయ వాడికి గట్టిగా తగులుతుంది, చిదిమి పెట్టాలి. చారు కాచేటప్పుడు చారుపొడి, మిర్చి పడకముందు, టమాటా చింతపండు మరిగిన నీళ్ళు చిన్న గ్లాసుడు తీసి జీలకర్ర పోపు పెట్టండి. గుత్తివంకాయ చేసే రోజు మాత్రం ఈ ప్రయత్నాలేవీ పెట్టుకోకండి. మసాలా కూరకముందు ఒక వంకాయ తీసి విడిగా ఉడికించి పెట్టాను ఒకసారి, నా మొహాన ఊశాడు. ఆ రోజు వాడికి పెరుగన్నం, అరటిపండు. ఏం కాదు.

గుడ్డు ఉడకబెట్టి పచ్చసొన నెయ్యి అన్నంలో కలిపేయచ్చు, తెల్లసొన సన్నగా తరిగి చేతికిచ్చేయచ్చు. చేపల పులుసు రోజున వంజరం ముక్కో కొర్రమీను ముక్కో ఒకటి పక్కన పెట్టుకుని, పసుపు, నిమ్మరసం రాసి పెనం మీద కాస్త నూనెతో రెండు వైపులా బాగా కాల్చండి. ముల్లు కంటితో చూసి కాదు, వేళ్ళతో నలిపి చూడాలి, రెండుసార్లు. గుడ్డు, చేప, వేరుశెనగ లాంటివి మొదటిసారి పెట్టేటప్పుడు పగటిపూట కొంచెంగా పెట్టి చూడండి, ఒంటి మీద దద్దుర్లు లాంటివేమైనా వస్తే డాక్టరు దొరికే వేళై ఉంటుంది.

టిఫిన్లకి నేను చేసుకున్న ఒకే ఒక్క ముందుజాగ్రత్త, కారం లేని పుట్నాల పొడి. కప్పు పుట్నాలు, రెండు చెంచాల ఎండుకొబ్బరి, అర చెంచా జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు ఉప్పు. జీలకర్ర, కొబ్బరి, వెల్లుల్లి కాస్త వెచ్చచేసి అన్నీ కలిపి మిక్సీలో మెత్తగా తిప్పేయండి. వెల్లుల్లి తడి ఆరేదాకా వేగాలి, లేకపోతే పొడి ముద్దకడుతుంది. తడిలేని సీసాలో రెండు వారాలు బాగానే ఉంటుంది. ఇడ్లీ మీద, దోశ మీద, కూర కుదరని రోజు అన్నంలో, అన్నిటికీ ఇదే. దోశల పిండిలో ఓ గరిటెడు రాగిపిండి కలిపి వాడికి రూపాయి బిళ్ళంత దోశలు పోస్తే వాడే చేత్తో తీసుకుని తింటాడు, 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. అంగన్వాడీలో ఇచ్చే బాలామృతం వాడేవాళ్ళు అందులో పంచదార ముందే కలిసి ఉంటుందని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ బెల్లం వెయ్యొద్దు.

ఇక తినకపోవడం గురించి. పొద్దున్న గ్లాసు పాలు, పదింటికి గ్లాసు, సాయంత్రం గ్లాసు, పడుకునేటప్పుడు సీసా, ఇలా తాగించి "అన్నం ముట్టట్లేదండీ" అంటే ఎలా ముడతాడు? కడుపు ఎంతుందని? ఏడాది దాటిన పిల్లలకి రోజుకి అరలీటరు లోపు పాలు చాలు. అంతకు మించితే ఆకలి చావడమే కాదు, పాలలో ఇనుము దాదాపు ఉండదు కాబట్టి రక్తహీనత కూడా రావచ్చు. నేను పదింటి గ్లాసు ఆపేసిన నాలుగో రోజుకి మధ్యాహ్నం తిండి మారిపోయింది. పైగా మొదటి ఏడాదిలో పుట్టిన బరువుకి మూడింతలయ్యే పిల్లాడు రెండో ఏడాది మొత్తానికి రెండు, రెండున్నర కిలోలే పెరుగుతాడు, ఆకలి కాస్త తగ్గడం మామూలే. మా పక్కింటి పిన్నిగారు "చిక్కిపోయాడమ్మా" అన్నప్పుడల్లా టెన్షన్ పడేదాన్ని, ఇప్పుడు బరువు చార్టు చూసుకుని ఊరుకుంటున్నా. బరువు నిజంగానే తగ్గుతుంటే, నీరసంగా ఉంటే మాత్రం డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మందు ఇస్తారు, ఏడాది దాటినవాళ్ళకి అదీ మర్చిపోకండి.

కొత్త కూర ఒకసారి ఊశాడని కొట్టేయకండి. పది పదిహేనుసార్లు కంచంలో కనబడితే గానీ కొన్ని నోట్లోకి వెళ్ళవు. పాలకూర మా వాడికి రెండు నెలలు పట్టింది. ఫోన్ చూపించి పెట్టడం నేనూ చేశాను, చెయ్యలేదని అబద్ధం చెప్పను, కానీ ఫోన్ చూస్తూ తింటే ఏం తింటున్నాడో వాడికే తెలియట్లేదని గమనించి మెల్లగా మానిపించా. ఇరవై నిమిషాలు కూర్చోబెడతా, తిన్నంత తింటాడు, తీసేస్తా. వెంటపడి పెట్టను.

వెంటపడకపోవడానికి ఇంకో కారణం, పరిగెడుతూ తింటే గొంతులో అడ్డం పడుతుంది. గుండు పల్లీలు, జీడిపప్పు, గుగ్గిళ్ళు, పాప్‌కార్న్, పచ్చి క్యారెట్ ముక్కలు చిన్న పిల్లలకి ఇవ్వకూడదు. పల్లీలు పొడి చేసి పెట్టండి, ద్రాక్షపళ్ళు నిలువునా నాలుగు ముక్కలు కొయ్యండి, అడ్డంగా కోస్తే బిళ్ళల్లా ఉండి ఇంకా ప్రమాదం.

వంటగదిలో వాడు కాళ్ళకి చుట్టుకుంటాడు, తప్పదు. కింది అరలో ఒక సొరుగు వాడికే వదిలేశాను, పాత గరిటెలు, మూతలు, ప్లాస్టిక్ డబ్బాలు. పోపులపెట్టె పై అరకి ఎక్కింది. బాండీ కాడ ఎప్పుడూ గోడ వైపే. గంజి వార్చేటప్పుడు, కుక్కర్ మూత తీసేటప్పుడు మాత్రం వాణ్ణి బయట వదిలి తలుపు వేస్తా, ఏడ్చినా సరే.

ఇది నాకు బుద్ధొచ్చిన సంగతి. ఒకరోజు పచ్చిమిర్చి తరిగి, చెయ్యి నీళ్ళతో కడుక్కుని, వాడి ముక్కు తుడిచాను. అంతే, గంటసేపు ఏడుపు, ఎర్రగా కందిపోయింది. మిర్చి ఘాటు నీళ్ళకి పోదు, నూనెకి కరుగుతుంది. కాబట్టి మిర్చి ముట్టుకున్నాక చేతులకి కాస్త వంటనూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. ఇంకా మంచిది, మిర్చి కత్తెరతో కట్ చేసుకోవడం, చేతికే అంటదు.

బయటికి, పెళ్ళిళ్ళకి వెళ్తే నా సంచిలో పుట్నాల పొడి డబ్బా, చిన్న సీసాలో నెయ్యి, రెండు అరటిపళ్ళు, చెంచా ఉంటాయి. మన వైపు పెళ్ళి భోజనంలో ముద్దపప్పు, నెయ్యి, పెరుగు ఎలాగూ ఉంటాయి కదా, కూరలు వచ్చేలోగానే "బాబూ, పిల్లాడికి ముందు వేడన్నం, పప్పు వేసెయ్యండి" అని వడ్డించే అబ్బాయిని అడిగేస్తా. మొహమాటపడి వరుసలో అందరితోపాటు ఆగితే, ఆకులో ఆవకాయ ముందొచ్చేస్తుంది, వాడి చెయ్యి అందులోనే పడుతుంది.