వానలో ట్రైలర్ లారీ తీసే ముందు జాగ్రత్తలు

తడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేస్తే, ఇంజిన్ ఉండి లాగే ముందు బండి వెనుక చక్రాలు పట్టు తప్పుతాయి, దానికి తగిలించిన ట్రైలర్ వెనుకనుంచి తోసుకొస్తుంది, రెండూ కలిసే చోట లారీ మడతపడుతుంది.

• టైర్ల అరుగుదలను చూసి, ముందు బండి, ట్రైలర్ రెండింటి బ్రేకులూ సమానంగా పడుతున్నాయో లేదో ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి పరీక్షించండి. ఖాళీ ట్రైలరే త్వరగా జారుతుంది. బరువు లేదు కదా అని ధీమా పడవద్దు.

• సరుకు కదలకుండా బిగించండి.

• మామూలు శ్రద్ధతో కనిపెట్టగలిగిన లోపమున్న బండిని నడిపినవారే కాక, నడపనిచ్చినవారు కూడా 1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద శిక్షార్హులు. అధిక లోడుకు 194వ సెక్షన్ ప్రకారం 20,000 రూపాయల జరిమానాతోపాటు అదనపు టన్నుకు 2,000 చొప్పున పడుతుంది.

• విధుల్లో ఉన్న డ్రైవర్ నిర్లక్ష్యానికి పరిహార బాధ్యత యజమానికీ ఉంటుంది కనుక, తనిఖీ వివరాలను తేదీతో రాసి ఉంచండి.