పగిలిన కాంక్రీటు కూడా కొంత మోస్తుంది

ఐదు మీటర్ల వ్యాసార్ధం ఉన్న గుండ్రటి నీళ్ల ట్యాంకు. గోడ మందం 200 మి.మీ., రెండు ముఖాల్లోనూ 12 మి.మీ. కడ్డీలు 150 మి.మీ. దూరంలో. అడుగున మీటరు ఎత్తుకి 180 కిలోన్యూటన్ల టెన్షన్, అంటే గోడని చుట్టూ సాగదీసే లాగుడు. గోడ బయటికి ఎంత జరుగుతుందో తేలితేగానీ పైపు కనెక్షన్ ఖాయం కాదు.

స్టీలు ఒక్కటే లెక్కేస్తే 3 మి.మీ., కాంక్రీటు అసలు పగలలేదనుకుంటే 0.2 కూడా లేదు. రెండూ నమ్మబుద్ధి కాలేదు.

పగులు దగ్గర లోడంతా కడ్డీదే. కాస్త పక్కకి వస్తే కడ్డీ మీది గట్లు కాంక్రీటుని పట్టుకుని కొంత టెన్షన్ దానికి అప్పజెప్తాయి. నీళ్ల ట్యాంకుల భారతీయ కోడ్ ఐఎస్ 3370 రెండో భాగం (2009) అనుబంధంలో దీనికి సూత్రం ఉంది. 0.2 మి.మీ. పగులు పరిమితికి, స్టీలు స్ట్రెయిన్ (పొడవులో ఎంత వంతు సాగిందో) 0.000597లోంచి కాంక్రీటు సాయం కింద 0.000442 తీసేస్తే మిగిలింది 0.000155. అంటే ఒట్టి స్టీలుకి దాదాపు నాలుగు రెట్ల స్టిఫ్‌నెస్ (సాగకుండా నిలిచే బిగువు). మోడల్లో అదే పెట్టాను, కదలిక 0.8 మి.మీ.కి దిగింది.

కాకపోతే ఏళ్లు గడిచేకొద్దీ ఈ సాయం సడలుతుంది. యూరప్ కాంక్రీటు కోడ్ యూరోకోడ్ 2 దీర్ఘకాల లోడుకి దాన్ని సగం చేస్తుంది. రెండు కోడ్‌లు కలపడం కొందరికి నచ్చదు, నాకు అభ్యంతరం లేదు. ఆ లెక్కన 1.9 వచ్చింది, పైపు చుట్టూ 2 మి.మీ.కి పైనే సందు వదిలాను.