సైనస్‌లో ఫంగస్ అనుమానం ఉంటే స్కాన్ ఎలా చదవాలి

సైనస్‌లో ఫంగస్ ఉందేమోనన్న అనుమానంతో సీటీ వస్తే నేను ముందు సైనస్ లోపల చూడను, చుట్టూ ఉన్న కొవ్వును చూస్తాను. ఒడిశాలోని రాయగడలో స్కాన్లు చదివే రేడియాలజిస్టుని. గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్ వైపు ఆసుపత్రుల్లో పనిచేసే మన తెలుగు కుర్ర డాక్టర్లు, సీటీ టెక్నీషియన్లు దీని గురించి తరచూ అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

మెషిన్ మీద పడుకోబెట్టే ముందు మనిషితో మాట్లాడాలి. చీటీ మీద 'సైనసైటిస్' అన్న ఒక్క ముక్క నాకు చాలదు. షుగర్ ఎంత ఉంది, స్టెరాయిడ్లు వాడారా, కీమో జరుగుతోందా అన్నవి రాయాలి. మనవాళ్లు జబ్బు పేరు చెప్పరు. "చెంప మొద్దుబారిపోయింది డాక్టరమ్మా", "కన్ను లాగేస్తోంది", "పై పళ్లు కదుల్తున్నాయి" అంటారు. తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా ఆ మాటల్ని అలాగే చీటీ మీద ఎక్కించండి. షుగర్ ఉన్న మనిషికి చెంప తిమ్మిరి, కన్ను వాపు, ఒకటి రెండుగా కనిపించడం, అంగిట్లో నల్లమచ్చ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్కాన్ ఆరోజే జరగాలి. ఈఎన్‌టీ డాక్టరుకి కబురు కూడా అప్పుడే వెళ్లాలి. 2021 మేలో కేంద్రం బ్లాక్ ఫంగస్‌ని అంటువ్యాధుల చట్టం కింద నోటిఫై చేయమని రాష్ట్రాలను కోరినప్పుడు ఈ పేరు ప్రతి ఇంట్లోనూ వినిపించింది. కోవిడ్ టెన్షన్ తగ్గింది కానీ, అదుపు తప్పిన షుగర్‌తో వచ్చేవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.

మామూలు పీఎన్ఎస్ (ముక్కు చుట్టూ ఉన్న సైనస్‌ల) ఎక్స్‌రేతో ఇది తేలదు. దానికి డబ్బు పెట్టించకండి.

సీటీ తీసేటప్పుడు ముక్కలు (స్లైసులు) ఒక మిల్లీమీటరు లేదా అంతకన్నా పలచగా ఉండాలి. పై పళ్ల దగ్గర మొదలుపెట్టి నుదుటి సైనస్ పైదాకా, రెండు కళ్ల గుంటలూ పూర్తిగా రావాలి. అడ్డంగా, ముందునుంచి, పక్కనుంచి మూడు దిక్కుల్లోనూ చిత్రాలు తయారు చేయండి. ముఖ్యమైన మాట: ఎముక బాగా తెలిసేలా తెలుపు నలుపులు సర్దిన ఎముక విండోతో పాటు, కొవ్వు, కండ తెలిసే సాఫ్ట్ టిష్యూ విండో కూడా కచ్చితంగా చూడాలి. వెడల్పు 350, లెవెల్ 40 దగ్గర పెడితే సరిపోతుంది. ఎముక విండో ఒక్కటే ఫిల్ము మీద అచ్చేసి ఇస్తే కొవ్వులో మార్పూ కనిపించదు, సైనస్ లోపలి సాంద్రతలో తేడా కూడా తెలియదు.

ఇప్పుడు కొవ్వు సంగతి. అడ్డం చిత్రాల్లో దవడ సైనస్ వెనక గోడ దాటితే ఒక పొర కొవ్వు ఉంటుంది. ముందు గోడకి, చెంప కండరాలకి మధ్య ఇంకొంత ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కొవ్వు నల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది. అందులో బూడిదరంగు గీతలు, మసక కనిపిస్తే ఆగి, రెండోవైపుతో పోల్చండి. తర్వాత టెరిగోపాలటైన్ ఫోసా (దవడ సైనస్ వెనక ఉన్న చిన్న గుంట), ఆపైన కంటిగుంట లోపలి గోడ పక్కన ఉన్న కొవ్వు. మ్యూకర్ జాతి ఫంగస్ (బ్లాక్ ఫంగస్ అంటే ఇదే) రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతుంది, నాళాల వెంట, నరాల వెంట పాకుతుంది. వైరు కోసం గోడకి పెట్టిన రంధ్రంలోంచి చీమలు బయటికి వచ్చినట్టు, ఎముక చెక్కుచెదరకుండానే ఫంగస్ అవతలికి చేరుతుంది. ఎముక తినేయడం ఆ తర్వాత కనిపించే సంగతి. అందుకే "ఎముక బాగుంది, కాబట్టి ఇన్వేసివ్ (చొచ్చుకుపోయే రకం) కాదు" అని రిపోర్టులో చదివితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వాక్యాన్ని నమ్మి ఇంటికి వెళ్లే మనిషికి కన్నుపోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. ముక్కులో ఒకవైపే పొర బాగా వాయడం తొలి రోజుల్లో కనిపించే గుర్తే, కానీ మామూలు జలుబులో కూడా వాపు వస్తుంది కనుక దాన్ని ఒంటరిగా నమ్మలేం.

అనుమానం గట్టిపడితే కాంట్రాస్ట్‌తో ఎమ్ఆర్ఐ కావాలి. బతికున్న టర్బినేట్ (ముక్కు లోపలి పక్కగోడ మడత) కాంట్రాస్ట్ పీల్చుకుని మెరుస్తుంది. రక్తం అందక చచ్చిన టర్బినేట్ నల్లగానే ఉండిపోతుంది. దీన్నే బ్లాక్ టర్బినేట్ గుర్తు అంటారు. ఆర్బిటల్ ఏపెక్స్ (కంటిగుంట వెనక కొస), కేవర్నస్ సైనస్ (మెదడు అడుగున ఉన్న సిరల గూడు), మెదడుకి రక్తం తీసుకెళ్లే లోపలి కెరోటిడ్ ధమని కూడా చూడాలి. కాంట్రాస్ట్ ఇచ్చే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ తెలుసుకోండి. తర్వాత పడబోయే ఫంగస్ మందు యాంఫోటెరిసిన్ కూడా కిడ్నీ మీదే భారం వేస్తుంది కాబట్టి ఆ అంకె అందరికీ పనికొస్తుంది.

ఎమ్ఆర్ఐలో ఒక మోసం ఉంది. అలర్జీ వల్ల వచ్చే ఫంగల్ సైనసైటిస్‌లో చిక్కగా గడ్డకట్టిన జిగురు, అందులోని ఇనుము, మాంగనీస్ వంటి లోహాల వల్ల టీ2 అనే ఎమ్ఆర్ఐ చిత్రంలో సైనస్ నల్లగా కనిపిస్తుంది. గాలి కూడా నల్లగానే ఉంటుంది. సీటీ పక్కన పెట్టుకోకపోతే నిండిపోయిన సైనస్‌ని ఖాళీ అని రాసేస్తాం. సీటీలో అదే జిగురు మధ్యలో తెల్లగా, చుట్టూ ముదురు అంచుతో కనిపిస్తుంది. మామూలు స్రావం 10 నుంచి 25 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రత కొలత) ఉంటే ఇది చాలా పైన ఉంటుంది. సైనస్ ఉబ్బి, గోడలు పలచబడి, కన్ను ముందుకు నెట్టుకొస్తుంది. ఎక్కువగా ముక్కులో పాలిప్స్ ఉన్న కుర్రవాళ్లలో చూస్తాం. గోడ పలచబడటం చూసి ఫంగస్ చొచ్చుకుపోయిందని కంగారుపడకండి. గోడ పక్కకి జరిగిందా, దాన్ని ఫంగస్ తినేసిందా అన్నది వేరు చేసుకోవాలి.

ఒక్క దవడ సైనస్‌లో ముద్ద, మధ్యలో తెల్లటి చుక్కలు, మందమైన గోడ ఉంటే ఫంగల్ బాల్, అంటే చొచ్చుకుపోకుండా లోపలే ముద్దకట్టిన ఫంగస్. పైపంటికి రూట్ కెనాల్ జరిగిందేమో అడగండి. రోగనిరోధక శక్తి మామూలుగా ఉంటే శుభ్రం చేసే ఆపరేషన్ చాలు.

కన్ను నెలల తరబడి మెల్లగా ముందుకొస్తూ, నొప్పి పెద్దగా లేకుండా, స్కాన్‌లో కణితిలా కనిపించే కేసులు కూడా మన దేశంలో వస్తాయి. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ వల్ల వచ్చే గ్రాన్యులోమేటస్ రకం ఇది. చూపుకి క్యాన్సర్‌లాగే ఉంటుంది, కాబట్టి బయాప్సీ వచ్చేదాకా ఇంట్లోవాళ్లకి ఏ పేరూ చెప్పకండి.

స్కాన్‌తో ఫంగస్ పేరు తేలదు. ముక్క తీసి కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోప్‌లో చూసే) పరీక్ష చేస్తే త్వరగా తేలుతుంది. వెడల్పుగా, రిబ్బన్‌లా, అడ్డుగోడలు అరుదుగా ఉండే పోగులైతే మ్యూకర్. సన్నగా, అడ్డుగోడలతో, వాలుగా చీలే పోగులైతే ఆస్పర్జిల్లస్ లాంటివి. ముక్కని రెండుగా చేసి ఒకటి ఫార్మాలిన్‌లో, రెండోది సెలైన్‌లో పంపండి. మొత్తం ఫార్మాలిన్‌లో వేస్తే కల్చర్ రాదు.

రిపోర్టులో ఏ వైపు, కొవ్వు ఎలా ఉంది, కన్ను, అంగిలి, కేవర్నస్ సైనస్ ఎలా ఉన్నాయి అన్నవి విడివిడిగా రాయండి. అనుమానం ఉంటే "అక్యూట్ ఇన్వేసివ్ ఫంగల్ సైనసైటిస్ అనుమానం" అని మొదటి వరుసలోనే రాసి, మనిషిని పంపిన డాక్టరుకి వెంటనే ఫోన్ చేయండి. ఇక్కడినుంచి మనవాళ్లు పార్వతీపురం, విజయనగరం మీదుగా రైల్లో విశాఖ కేజీహెచ్‌కి పోతారు, లేదా బ్రహ్మపుర ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి. చేతిలో ఫిల్ము ఒక్కటే పెట్టి పంపకండి, వాట్సాప్ ఫోటోతో సరిపెట్టకండి. రెండు విండోల చిత్రాలూ ఉన్న సీడీ, క్రియాటినిన్, షుగర్ అంకెలు రాసిన కాగితం ఒకే కవర్లో పెట్టి, అక్కడి ఈఎన్‌టీ డ్యూటీ డాక్టరుకి ముందే చెప్పండి.